కేక్ డెకరేషన్ బిగినర్స్ క్లాసు: విశాఖలో తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖలో కేక్ డెకరేషన్ నేర్చుకోవాలనుకునేవాళ్ల సందేహాలు ఏళ్లు గడిచినా పెద్దగా మారవు. ఎంవీపీ కాలనీ నుంచి ఫోన్ చేసినా, గాజువాక నుంచి వాట్సాప్‌లో అడిగినా అవే నాలుగు మాటలు: ఏం కొనాలి, క్రీమ్ ఎందుకు కారిపోతోంది, పేరు ఎందుకు వంకర పోతోంది, ఆర్డర్లు ఎప్పుడు తీసుకోవచ్చు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. వరసగా చదవక్కర్లేదు. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## చేరకముందు

నాకు కేక్ చేయడమే రాదు. నేరుగా డెకరేషన్ క్లాసులో చేరొచ్చా?

చేరొచ్చు. కేక్ కాల్చడం ఒక పని, దాన్ని అలంకరించడం ఇంకో పని. బిగినర్స్ క్లాసుల్లో చాలావరకు స్పాంజ్‌లు ముందే చేసి చల్లార్చి ఉంచుతారు. మీరు లేయర్లు కోయడం దగ్గర మొదలుపెడతారు. ఇంట్లో ప్రాక్టీసుకి మాత్రం స్పాంజ్ కావాలి కాబట్టి ప్రీమిక్స్‌తోనైనా (అన్నీ కలిపి అమ్మే కేక్ పొడి) ఒక మామూలు వెనిలా స్పాంజ్ చేయడం నేర్చుకోండి. ఓవెన్ లేకపోతే గ్యాస్‌కెట్, విజిల్ తీసేసిన ప్రెషర్ కుక్కర్‌లోనూ వస్తుంది.

ఒక్కరోజు వర్క్‌షాప్ చాలా, నెలరోజుల కోర్సు అవసరమా?

ఇంట్లో పిల్లల పుట్టినరోజుకి కేక్ చేసుకోవడమే మీ ఉద్దేశమైతే ఒకటి రెండు రోజుల వర్క్‌షాప్ చాలు. క్రీమ్ కొట్టడం, కోటింగ్ వేయడం, రెండు మూడు నాజిళ్లు (క్రీమ్‌ని రకరకాల ఆకారాల్లో వదిలే మొనలు) పట్టుకోవడం అందులోనే వచ్చేస్తాయి. ఆర్డర్లు తీసుకోవాలనుకునేవాళ్లకి వారం వారం జరిగే క్లాసు మేలు. క్లాసుకీ క్లాసుకీ మధ్య ఇంట్లో చేసి చూసి, చెడగొట్టుకుని, ఎక్కడ చెడిందో మళ్లీ వెళ్లి అడిగే వీలుంటుంది. మూడు రోజుల్లో ముప్పై డిజైన్లు అని ప్రకటన కనిపిస్తే కాస్త ఆగి ఆలోచించండి. అన్ని డిజైన్లలో మీ చేత్తో చేసేవి ఎన్ని, చూసి వచ్చేసేవి ఎన్ని?

ఫీజు కట్టేముందు ఏమేం అడగాలి?

కేక్ మీ చేత్తో చేస్తారా, లేక టీచర్ చేస్తుంటే చూడటమేనా అన్నది మొదట అడగండి. దీన్ని ‘హ్యాండ్స్ ఆన్’, ‘డెమో’ అంటారు. రెంటికీ ఫీజులో తేడా ఉండాలి. ఒక్కో టేబుల్ దగ్గర ఎంతమంది ఉంటారు, టర్న్‌టేబుల్ (కేక్ పెట్టి తిప్పే పీట) మనిషికొకటా లేక ముగ్గురికొకటా, క్రీమ్, స్పాంజ్ ఫీజులోనే కలిసి ఉన్నాయా, చేసిన కేక్ ఇంటికి తీసుకెళ్లనిస్తారా అన్నవి తర్వాత. ఇంకో ప్రశ్న చాలామందికి తట్టదు: గదిలో ఏసీ ఉందా? ఏప్రిల్, మే నెలల్లో ఉక్కపోసే గదిలో క్రీమ్ నేర్చుకోవడమంటే డబ్బు నీళ్లపాలే.

ఎగ్‌లెస్ నేర్పుతారా? మా ఇంట్లో గుడ్డు రానివ్వరు.

డెకరేషన్‌లో గుడ్డు ప్రసక్తి తక్కువ. మామూలుగా వాడే నాన్ డెయిరీ (పాల కొవ్వు లేని) విప్పింగ్ క్రీమ్‌లో గుడ్డు ఉండదు. స్పాంజ్ మాత్రం ఎగ్‌లెస్ కావాలని ముందే చెప్పండి. ఎగ్‌లెస్ స్పాంజ్‌కి పొడి ఎక్కువ రాలుతుంది కాబట్టి కోసేముందు బాగా చల్లబరచాలి. గుడ్డు ఒక్కటే కాదు, జెలటిన్ మీదా కన్నేసి ఉంచండి. అది జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసేది. కొన్ని మార్ష్‌మెల్లోల్లో, మూస్‌లలో, రెడీమేడ్ అలంకరణల్లో ఉంటుంది. ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క చూసి కొనండి. జెలటిన్ బదులు సముద్రపు నాచు నుంచి తీసే అగర్ అగర్ వాడొచ్చు. కార్తీకమాసంలో ఆర్డర్లు తీసుకోవాలనుకునేవాళ్లకి ఎగ్‌లెస్ ఎలాగూ తప్పదు.

ముగ్గులు, మెహందీ బాగా వేస్తాను. పని తేలికవుతుందా?

అవుతుంది, ముఖ్యంగా గీతల దగ్గర. ముగ్గు వేసేటప్పుడు వేళ్లు నేలకి ఆనించకుండా పిండిని కాస్త ఎత్తు నుంచి ధారగా వదులుతాం. కేక్ మీద సన్నగీత వేయడం, పేరు రాయడం కూడా అదే పద్ధతి. మొనను క్రీమ్‌లో గుచ్చి లాగితే గీత గాడిలా పడుతుంది. కాస్త పైకెత్తి దారంలా పడనిస్తే నున్నగా వస్తుంది. పట్టు మాత్రం వేరు. మెహందీ కోన్‌ని వేళ్లతో నొక్కుతాం. పైపింగ్ బ్యాగ్‌ని, అంటే క్రీమ్ నింపే సంచిని, పైన మెలిపెట్టి అరచేత్తో నొక్కాలి, రెండో చెయ్యి దారి చూపడానికే. మెహందీ అలవాటున్నవాళ్లు బ్యాగ్‌ని మధ్యలో పట్టుకుని నొక్కుతారు, దాంతో క్రీమ్ వెనక నుంచి పైకి పొంగుతుంది. ఆ అలవాటు మానడానికి రెండు మూడు క్లాసులు పడుతుంది.

నాది ఎడమచేతి వాటం. ఇబ్బందా?

ఇబ్బందేం లేదు, టీచర్‌కి ముందే చెప్పండి. టీచర్ పక్కన కాకుండా ఎదురుగా నిలబడి చూస్తే అద్దంలో చూసినట్టు మీ చేతికి సరిపోతుంది. టర్న్‌టేబుల్‌ని మిగతావాళ్లు తిప్పే దిక్కుకి ఎదురు దిక్కులో తిప్పుకోండి.

క్లాసు తెలుగులోనే చెబుతారా?

చాలాచోట్ల తెలుగు, ఇంగ్లిష్ కలిపి చెబుతారు. విశాఖలో నేవీ కుటుంబాలు, ఒడియా, బెంగాలీవాళ్లు ఎక్కువ కాబట్టి కొన్ని బ్యాచ్‌లలో హిందీ కూడా నడుస్తుంది. క్రంబ్ కోట్, నాజిల్, స్టిఫ్ పీక్ లాంటి మాటలు ఏ భాషలో చెప్పినా అవే.

## సామాను కొనేటప్పుడు

మొదటి రోజుకే అన్నీ కొనుక్కుని రావాలా?

వద్దు. ఆన్‌లైన్‌లో వంద ముక్కల కిట్ చూసి ఆశపడకండి. అందులో సగం నాజిళ్లు పెట్టె దాటి బయటికి రావు. మొదటి క్లాసు అయ్యాక ఇవి కొంటే చాలు: ఒక టర్న్‌టేబుల్, క్రీమ్ పూయడానికి వంకర మెడ ఉన్న పాలెట్ నైఫ్, అంచు నున్నగా గీరడానికి ఒక స్క్రేపర్, పళ్లున్న పొడవాటి కత్తి, కొన్ని పైపింగ్ బ్యాగులు, నాలుగైదు నాజిళ్లు. హ్యాండ్ బీటర్ ఇంట్లో లేకపోతే అదే పెద్ద ఖర్చు. టర్న్‌టేబుల్ ప్లాస్టిక్‌ది అయినా పర్లేదు కానీ, కొట్లోనే తిప్పి చూడండి. ఊగుతుంటే తీసుకోవద్దు. ఊగే టేబుల్ మీద ఎంత చెయ్యి తిరిగినవాళ్లకైనా అంచు నున్నగా రాదు.

ఏ నాజిళ్లు కొనాలి? నంబర్లు చూస్తే తల తిరుగుతోంది.

మొదట నాలుగు చాలు. 1ఎం పెద్ద నక్షత్రం: రోసెట్లు (చుట్టగా వేసే పూలు), పైన వేసే స్విర్ల్స్ (మెలికలు), అంచులు అన్నీ దీనితోనే. 2 లేదా 3 సన్న గుండ్రం: రాయడానికి, చుక్కలకి. 104 పూరేకులకి. 352 ఆకులకి. ఐదోది కావాలంటే గడ్డి వేసే 233 తీసుకోండి, పిల్లల కేకులకి బాగా పనికొస్తుంది. నంబరు అన్ని కంపెనీలకీ అచ్చంగా ఒకేలా ఉండకపోవచ్చు, అందుకే కొనేటప్పుడు మొన ఆకారం కూడా చూడండి. అతుకు మందంగా కనిపించే నాజిల్ వద్దు, క్రీమ్ మీద గీత పడుతుంది.

విశాఖలో సామాను ఎక్కడ దొరుకుతుంది?

మైదా, పంచదార, కోకో లాంటివి ఎక్కువగా కావాలంటే పూర్ణా మార్కెట్ వైపు హోల్‌సేల్ కిరాణాల్లో కలిసొస్తుంది. కేక్ బోర్డులు, డబ్బాలు, నాజిళ్లు, జెల్ రంగులు బేకరీ సామాను అమ్మే కొట్లలో ఉంటాయి. విప్పింగ్ క్రీమ్ విషయంలో ఒక్కటే షరతు: డీప్ ఫ్రీజర్‌లో గట్టిగా గడ్డకట్టి ఉన్న ప్యాకెట్టే తీసుకోండి. కరిగి మళ్లీ గడ్డకట్టిన క్రీమ్ సరిగ్గా పొంగదు. మిగతా కొనుగోళ్లన్నీ అయ్యాక చివర్లో క్రీమ్ తీసుకుని, థర్మల్ సంచిలోనో, రెండు మూడు పొరల న్యూస్‌పేపర్‌లోనో చుట్టి నేరుగా ఇంటికి వెళ్లండి. క్రీమ్ సంచిలో పెట్టుకుని జగదాంబ దగ్గర చీరలు చూడటానికి దిగకండి.

## స్పాంజ్ దగ్గర

అరకేజీ కేక్ అంటే ఏ సైజు టిన్ను?

6 అంగుళాల గుండ్రటి టిన్ను. కేజీకి 8 అంగుళాలది వాడతారు, ఎత్తుగా కావాలనుకునేవాళ్లు 7 తీసుకుంటారు. అరకేజీ అనేది స్పాంజ్ బరువు కాదు, క్రీముతో సహా మొత్తం బరువు.

స్పాంజ్ కోస్తుంటే ముక్కలై పోతోంది. కత్తి తప్పా?

కత్తి కన్నా వేడి తప్పు ఎక్కువ. పొయ్యి మీంచి దించిన కేక్ పైకి చల్లగా అనిపించినా లోపల వెచ్చగానే ఉంటుంది. పూర్తిగా చల్లారనిచ్చి, క్లింగ్ ఫిల్మ్ చుట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, మర్నాడు కోయండి. పొంగిన పైభాగాన్ని ముందు చదును చేయాలి. తర్వాత కత్తిని కదలకుండా పట్టుకుని, కేక్‌ని తిప్పుతూ చుట్టూ గాటు పెట్టి, ఆ గాటు వెంబడే లోపలికి కోయాలి. పేర్చేటప్పుడు అన్నిటికన్నా కింది ముక్కని తలకిందులు చేసి పైన పెట్టండి. టిన్ను అడుగున కాలిన వైపు చదునుగా ఉంటుంది, పొడి రాలదు.

షుగర్ సిరప్ ఎంత పోయాలి?

స్పాంజ్ తడి తగలాలి, నానకూడదు. పంచదార ఒక వంతుకి నీళ్లు రెండు వంతులు వేసి కరిగించి, చల్లార్చి వాడండి. ప్రీమిక్స్ స్పాంజ్‌కి తక్కువ చాలు. వేలితో నొక్కితే నీరు ఊరిందంటే ఎక్కువైనట్టే. అలాంటి కేక్ మరో గంటకి బోర్డు మీద ఓ పక్కకి జారుతుంది.

క్రంబ్ కోట్ తప్పనిసరా? టైమ్ వేస్ట్ అనిపిస్తోంది.

తెల్ల క్రీమ్ కింద చాక్లెట్ స్పాంజ్ ఉంటే తప్పనిసరి. పలుచగా ఒక పూత వేసి, ఫ్రిజ్‌లో 20, 30 నిమిషాలు పెడితే రాలిన పొడి అంతా ఆ పూతలోనే అంటుకుపోతుంది. తర్వాత వేసే పూత శుభ్రంగా వస్తుంది. పాలెట్ నైఫ్‌కి అంటిన పొడి క్రీమ్‌ని తిరిగి మంచి క్రీమ్ గిన్నెలో పెట్టకండి. పక్కన వేరే గిన్నె ఉంచుకోండి.

## క్రీమ్ దగ్గర

క్లాసులో బాగానే వచ్చింది. ఇంట్లో క్రీమ్ పొంగదు, పొంగినా కారిపోతోంది. ఎందుకు?

అన్నిటికన్నా ఎక్కువమంది అడిగేది ఇదే. జవాబు దాదాపు ప్రతిసారీ చలువ దగ్గరే ఉంటుంది.

నాన్ డెయిరీ క్రీమ్‌ని ఫ్రీజర్‌లో మైనస్ 18 డిగ్రీల దగ్గర నిల్వ ఉంచుతారు. వాడే ముందురోజు దాన్ని ఫ్రిజ్ కింది అరలోకి మార్చాలి. లీటరు ప్యాకెట్ కరగడానికి 12 నుంచి 24 గంటలు పడుతుంది. తొందరలో వేడినీళ్లలో పెట్టడం, మైక్రోవేవ్‌లో పెట్టడం, కిచెన్ గట్టు మీద వదిలేయడం అన్నీ చెడగొట్టే పద్ధతులే. అంచులు వెచ్చబడి నడుమ గడ్డ మిగులుతుంది. గిన్నెలో పోసేసరికి క్రీమ్ 5 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. అక్కడక్కడా సన్నటి మంచుపలుకులు తగిలితే సరిగ్గా ఉన్నట్టు.

గిన్నె, బీటర్ రెక్కలు కూడా పావుగంట ఫ్రీజర్‌లో ఉంచండి. మన ఊళ్లో ఎండాకాలం ఇంకో పని కూడా చేయాలి: పెద్ద గిన్నెలో ఐసు ముక్కలు, కొంచెం నీళ్లు పోసి, దానిలో క్రీమ్ గిన్నె పెట్టి కొట్టండి. సముద్రపు గాలి తేమతో ఉంటుంది కాబట్టి చల్లటి గిన్నె బయట నీటిచుక్కలు పడతాయి, అవి క్రీమ్‌లోకి జారకుండా గుడ్డతో తుడుస్తూ ఉండండి. మొదట నెమ్మదిగా, తర్వాత మీడియం స్పీడులో కొట్టాలి. మొదటి నిమిషం నుంచే హై స్పీడులో కొడితే పెద్ద గాలిబుడగలు చేరి, కోటింగ్ మీద గుంటలు గుంటలుగా కనిపిస్తాయి.

పొంగిన క్రీమ్‌ని కూడా గట్టు మీద వదలకండి. వాడేది కొంచెం తీసుకుని, మిగతాది ఫ్రిజ్‌లో పెట్టుకోండి.

అమూల్ ఫ్రెష్ క్రీమ్ ఎంత కొట్టినా గట్టిపడదేం?

అందులో కొవ్వు 25 శాతమే. పాల క్రీమ్ గాలిని పట్టి నిలబడాలంటే కనీసం 30 శాతం కొవ్వు కావాలి. విప్పింగ్ క్రీమ్ అని రాసి ఉన్న ప్యాకెట్ తీసుకోండి. ఫ్రెష్ క్రీమ్‌ని గనాష్‌కి (చాక్లెట్, క్రీమ్ కలిపి చేసే పూత) వాడుకోండి, దానికి చక్కగా సరిపోతుంది.

డెయిరీ మంచిదా, నాన్ డెయిరీ మంచిదా?

రుచికి పాల క్రీమే. నోట్లో పెట్టుకోగానే తేడా తెలుస్తుంది. కానీ విశాఖ వేడికి అది నిలవదు, నేర్చుకునేవాళ్ల చేతిలో అసలు నిలవదు. అందుకే క్లాసులు నాన్ డెయిరీతో మొదలుపెడతారు. అది కూరగాయల నూనెల కొవ్వుతో, ఎక్కువగా పామ్ కెర్నల్ నూనెతో చేసినది. పొంగితే మూడు నాలుగు రెట్లవుతుంది. చాలావాటిలో తీపి ముందే ఉంటుంది కాబట్టి మళ్లీ పంచదార వేయకండి. ట్రాన్స్ ఫ్యాట్ గురించి భయపడేవాళ్లు లేబుల్ చదవండి. నూనెలు, కొవ్వుల్లో అది 2 శాతం దాటకూడదన్న నిబంధన 2022 జనవరి నుంచి అమలులో ఉంది. రోజూ తినేది కాదు కాబట్టి పుట్టినరోజుకి ఒక ముక్కతో టెన్షన్ పడక్కర్లేదన్నది నా అభిప్రాయం.

సాఫ్ట్ పీక్, స్టిఫ్ పీక్ ఎలా గుర్తుపట్టాలి?

బీటర్ ఆపి పైకెత్తండి. మొన వెంటనే వాలి క్రీమ్‌లో కలిసిపోతే సాఫ్ట్. మొన నిలబడి కొస మాత్రం వంగితే మీడియం, కోటింగ్‌కి ఇది సరిపోతుంది. మొన నిటారుగా ఉంటే స్టిఫ్, పూలకి, అంచులకి కావలసింది ఇది. అన్నిటికీ స్టిఫ్ క్రీమే వాడటం కొత్తవాళ్లు ఎక్కువగా చేసే పని, దాంతో కోటింగ్ గరుకుగా వస్తుంది. ఎక్కువ కొట్టేసి క్రీమ్ విరిగినట్టు రవ్వరవ్వగా కనిపిస్తే, కొట్టని చల్లటి క్రీమ్ రెండు మూడు చెంచాలు పోసి గరిటెతో నెమ్మదిగా కలపండి. చాలాసార్లు దారికొస్తుంది.

బటర్‌క్రీమ్ ఎందుకు నేర్పరు? వీడియోల్లో అన్నీ అవే కదా.

ఆ వీడియోల్లో చాలావరకు చల్లటి దేశాలవి. వెన్న 32, 35 డిగ్రీల మధ్య పూర్తిగా కరుగుతుంది, దానికి చాలా ముందే మెత్తబడుతుంది. మేలో మన వంటగది వేడి ఎంతో మీకు తెలిసిందే. డిసెంబరు, జనవరి నెలల్లో నేర్చుకోండి, బాగుంటుంది. లేదా ఏసీ గదిలో.

గనాష్ కొలత ఎంత?

డార్క్ చాక్లెట్, క్రీమ్ సమానంగా వేస్తే పైనుంచి జారే డ్రిప్‌కి, మధ్య పొరకి సరిపోతుంది. కేక్ మొత్తానికి పూత వేయాలంటే చాక్లెట్ రెండు వంతులు, క్రీమ్ ఒక వంతు. వైట్ చాక్లెట్ మెత్తన, చాక్లెట్ మూడు వంతులకి క్రీమ్ ఒక వంతు వేయాలి. చాక్లెట్‌లో నీటిచుక్క పడితే అది గడ్డకట్టి ముద్దవుతుంది, గిన్నె, గరిటె పొడిగా ఉండాలి. డ్రిప్ వేసేటప్పుడు కేక్ చల్లగా, గనాష్ గోరువెచ్చన కన్నా కొంచెం తక్కువగా ఉండాలి. ముందు కేక్ వెనక వైపు ఒక చుక్క వదిలి చూడండి. అడుగుదాకా జారిపోతే ఇంకాస్త చల్లారనివ్వాలి.

ఫాండెంట్ బొమ్మలు చెమట పడుతున్నాయి. ఏం చేయాలి?

ఫాండెంట్ అంటే పంచదార ముద్ద, తేమని లాక్కుంటుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే మన గాలి తగిలితే నీరు పడుతుంది. కేక్‌ని డబ్బాతో సహా తీసి, ఏసీ గదిలో డబ్బా తెరవకుండా కాసేపు ఉంచితే ఆ నీరు డబ్బా మీద పడుతుంది, కేక్ మీద కాదు. బొమ్మలు త్వరగా గట్టిపడాలంటే ముద్దలో కొంచెం సీఎంసీ పొడి (ముద్దని గట్టిపరిచే, తినదగ్గ జిగురు పొడి) కలపాలి. ఆరేదాకా వాటిని ఫ్రిజ్‌లో పెట్టకూడదు. విప్డ్ క్రీమ్ కేక్ మీద ఫాండెంట్ పరిస్తే కరుగుతుంది, కింద గనాష్ పూత ఉండాలి.

రంగులు ముదురుగా రావడం లేదు. ఇంకా వేయొచ్చా?

ఆగండి. జెల్ రంగు వేశాక క్రీమ్‌ని కొన్ని గంటలు ఫ్రిజ్‌లో ఉంచితే దానంతటదే ముదురుతుంది. ఎరుపు కోసం సీసా సగం ఖాళీ చేస్తే మిగిలేది చేదు. నలుపు కావాలంటే తెల్ల క్రీమ్‌తో కాకుండా చాక్లెట్ క్రీమ్‌తో మొదలుపెట్టండి. మన దేశంలో ఆహారంలో వాడటానికి అనుమతి ఉన్న కృత్రిమ రంగులు ఎనిమిదే. వాటికీ పరిమితి ఉంది, కిలోకి 100 మిల్లీగ్రాములు. లేబుల్ లేకుండా పొట్లాల్లో అమ్మే రంగుల జోలికి వెళ్లొద్దు. మెరుపుల డబ్బా మీద ‘నాన్ టాక్సిక్’ అని ఉంటే అది తినడానికి పనికొస్తుందని అర్థం కాదు. ‘ఎడిబుల్’ అని రాసి ఉండాలి.

కేక్ మీద తాజా పూలు పెట్టొచ్చా?

పెరట్లో మందు కొట్టని గులాబీలైతే పెట్టొచ్చు. కాడకి క్లింగ్ ఫిల్మ్ చుట్టి గుచ్చండి, నేరుగా కేక్‌లో దించొద్దు. బొకేల కోసం పెంచిన పూల మీద పురుగుమందులు ఉంటాయి. గన్నేరు, ఉమ్మెత్త విషపూరితం, అందంగా ఉన్నాయని అలంకరణకి కూడా వాడకూడదు.

## నాజిల్ పట్టుకున్నాక

రోసెట్లు ఒక్కోటి ఒక్కో సైజులో వస్తున్నాయి.

నొక్కుడు సమానంగా లేదు. బ్యాగ్ సగానికి మించి నింపకండి. నిండా నింపితే చెయ్యి అలిసి, వేడికి క్రీమ్ మెత్తబడుతుంది. 1ఎం నాజిల్‌ని కేక్‌కి నిట్టనిలువుగా పట్టుకుని, నడుమ మొదలుపెట్టి ఒక చుట్టు తిప్పి, నొక్కడం ఆపాక పైకి తీయండి. ఆపకముందే తీస్తే తోక వస్తుంది. షెల్ అంచుకి (గవ్వల వరసలా వేసే అంచు) మాత్రం 45 డిగ్రీలు వాల్చాలి. చేతులు వెచ్చగా ఉండేవాళ్లు రెండు చిన్న బ్యాగులు చేసుకుని, ఒకటి వాడుతుంటే ఇంకోటి ఫ్రిజ్‌లో ఉంచండి.

గులాబీ రేకులు కింద పడిపోతున్నాయి.

104 నాజిల్‌కి ఒక కొస వెడల్పు, ఒక కొస సన్నం. వెడల్పు కొస కిందికి ఉండాలి. ముందు ఫ్లవర్ నెయిల్ (పువ్వు వేయడానికి వాడే, చదునైన తల ఉన్న మేకు) మీద చిన్న శంకువు వేసి, దాని చుట్టూ రేకులు తిప్పండి. మొదటి వరస మూడు, తర్వాత ఐదు. నెయిల్ మీద చిన్న బటర్‌పేపర్ ముక్క అతికించి వేస్తే, పువ్వుని కాగితంతో సహా ఫ్రీజర్‌లో పెట్టి గట్టిపడ్డాక కేక్ మీదికి తేలిగ్గా మార్చొచ్చు.

పేరు తెలుగులో రాయమంటున్నారు. ఇంగ్లిష్ అయితే వస్తుంది కానీ...

తెలుగు అక్షరాలు గుండ్రం కాబట్టి నిజానికి ధారకి బాగా లొంగుతాయి. చిక్కంతా పైనా కిందా చోటు లెక్కేసుకోకపోవడం వల్ల వస్తుంది. లక్ష్మి, కృష్ణ, సత్య లాంటి పేర్లకి కింద ఒత్తు పడుతుంది. అంచున వేసిన షెల్స్‌కి తగిలేలా రాస్తే ఒత్తు ఇరుక్కుపోతుంది. ముందు పళ్లపుల్లతో క్రీమ్ మీద తేలిగ్గా గీసుకోండి. అక్షరం, దాని తర్వాత తలకట్టు లేదా గుడి, చివర్లో ఒత్తు, ఈ వరసలో రాయండి. 2 నంబరు నాజిల్ లేదా బటర్‌పేపర్ కోన్‌లో కరిగించిన చాక్లెట్ వాడండి.

6 అంగుళాల కేక్ మీద అంచు డిజైన్ పోగా నడుమ మిగిలేది ఓ నాలుగు అంగుళాలు. అందులో ‘పుట్టినరోజు శుభాకాంక్షలు’ ఇమిడేలా రాయాలని కుస్తీ పడొద్దు. పేరు ఒక్కటి పెద్దగా రాస్తే కంటికి బాగుంటుంది. చెయ్యి ఇంకా కుదరకపోతే చాక్లెట్ పలక మీద విడిగా రాసి పెట్టండి. చెడితే పలక మారుతుంది, కేక్ అలాగే ఉంటుంది. నేరుగా రాసినది చెడితే పది నిమిషాలు ఫ్రీజర్‌లో పెట్టి, గట్టిపడిన అక్షరాలని పుల్లతో లేపేయొచ్చు.

ఇంట్లో రోజూ కేక్ చేయలేను. ప్రాక్టీసు ఎలా?

కేక్ అక్కర్లేదు. కోటింగ్‌కి థర్మాకోల్ డమ్మీ కొనండి, లేదా గుండ్రటి స్టీలు డబ్బా బోర్లించండి. పైపింగ్‌కి డాల్డాలో పొడి చేసిన పంచదార కలిపి గట్టిగా కొట్టుకుంటే, స్టీలు పళ్లెం మీద వేసి, గీరి, మళ్లీ బ్యాగులో నింపుకోవచ్చు. ఒకసారి చేసుకున్నది చాలా రోజులు వస్తుంది. అది తినడానికి కాదని ఇంట్లో పిల్లలకి ముందే చెప్పండి. రోజూ పావుగంట చేసేవాళ్ల చెయ్యి, ఆదివారం మూడు గంటలు కూర్చునేవాళ్ల చెయ్యి కన్నా త్వరగా కుదురుతుంది.

## ఇంటికి తీసుకెళ్లేటప్పుడు

స్కూటీ మీద కేక్ తీసుకెళ్లొచ్చా?

దగ్గరైతే వెళ్లొచ్చు. డబ్బా హుక్‌కి తగిలించొద్దు, కాళ్ల దగ్గర చదునుగా పెట్టి, కింద జారని రబ్బరు మ్యాట్ వేయండి. బయల్దేరేముందు కేక్ కనీసం గంటైనా ఫ్రిజ్‌లో ఉండాలి. మధురవాడ నుంచి గాజువాక దాకా మధ్యాహ్నం పూట స్కూటీ మీద అంటే మాత్రం వద్దు, ఎండ ఒకపక్క, ఎన్ఏడీ దగ్గర ట్రాఫిక్ ఒకపక్క. కారులో అయితే ఒళ్లో కాదు, సీటు ముందు కింద పెట్టి, ఏసీ గాలి కాళ్ల వైపు తిప్పండి.

క్రీమ్ కేక్ బయట ఎంతసేపు ఉంచొచ్చు?

రెండు గంటలు. గది వేడి 32 డిగ్రీలు దాటితే గంటే. బీచ్ రోడ్డులో పార్టీ అంటే కోసేముందు డబ్బా తెరవండి.

## ఆర్డర్లు తీసుకోవాలనుకుంటే

క్లాసులో ఇచ్చిన సర్టిఫికెట్ ఉంటే అమ్మొచ్చా?

అమ్మడానికి కావలసింది ఆ సర్టిఫికెట్ కాదు. ఇంటి నుంచి అమ్మినా ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ సంస్థ వెబ్‌సైట్ అయిన ఫాస్కాస్ పోర్టల్‌లో దరఖాస్తు చేస్తే 14 అంకెల నంబరు వస్తుంది. క్లాసు సర్టిఫికెట్ గోడకి బాగుంటుంది.

ధర ఎలా పెట్టాలి? పక్క బేకరీలో తక్కువకే ఇస్తున్నారు.

బేకరీ రేటుతో పోటీ పెట్టుకుంటే మీ కష్టం లెక్కలోకి రాదు. సరుకు, డబ్బా, బోర్డు, కరెంటు, డెలివరీ, వీటికి మీ గంటల విలువ కలపండి. అరకేజీ కేక్‌కి కొట్టని క్రీమ్ సుమారు పావు లీటరు పడుతుంది, దాని ధర మొదట వేసుకోండి. చుట్టాలకి ఫ్రీగా ఇస్తారా, సరుకు ఖర్చుకే ఇస్తారా అన్నది మొదటి ఆర్డర్‌కి ముందే ఇంట్లో మాట్లాడుకోండి. ‘మనవాళ్లే కదా’ అన్న మాటతో మూతపడ్డ హోమ్ బేకింగ్‌లు తక్కువేం కాదు.

ఎన్ని కేకులు చేశాక మొదటి ఆర్డర్ తీసుకోవచ్చు?

లెక్క కాదు. ఒకే డిజైన్ వరసగా మూడుసార్లు ఒకేలా వస్తే, ఆ డిజైన్‌కి ఆర్డర్ తీసుకోండి. కస్టమర్ పంపిన ఫొటో మీరు ఎప్పుడూ చేయనిదైతే అలాగే చెప్పండి, మీకొచ్చినవి నాలుగు చూపించండి.

డెలివరీ ముందురోజు కరెంటు పోతే?

ఫ్రిజ్ తలుపు తెరవకండి. మూసి ఉంచితే ఫ్రిజ్ సుమారు నాలుగు గంటలు, నిండుగా ఉన్న ఫ్రీజర్ రెండు రోజుల దాకా చలువ నిలుపుతుంది. అక్టోబరు, నవంబరు నెలల్లో తుపాను హెచ్చరిక వచ్చిందంటే ఆ వారం క్రీమ్ కేకులు ఒప్పుకోవద్దు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఊరంతా రోజుల తరబడి చీకట్లో ఉంది. ఆర్డర్ ఇచ్చినవాళ్లకి ముందే ఫోన్ చేసి, ప్లమ్ కేక్‌కో, క్రీమ్ లేని టీ కేక్‌కో ఒప్పుకుంటారేమో అడగండి. ఒప్పుకోకపోతే అడ్వాన్సు తిరిగి ఇచ్చేయండి.